స్లైడ్‌కు ఓపెన్ జీనా, ఓపెన్ డీనా: నా సమాధానం

స్లైడ్ గిటార్‌కు, అంటే వేలికి తొడిగిన గొట్టాన్ని తీగల మీద జార్చి వాయించడానికి, ఓపెన్ జీ, ఓపెన్ డీ శ్రుతులలో (వేలు పెట్టకుండానే తీగలన్నీ కలిసి జీ లేదా డీ మేజర్ కార్డ్‌గా మోగే అమరికలలో) ఒకటే ఎంచుకోవాలని ఉందనీ, డీలో మాత్రం తీగలు వదులై ఫ్రెట్లకు (గిటార్ మెడ మీది లోహపు కడ్డీలకు) తగిలి గరగరమంటున్నాయనీ రాశారు. నా ఓటు డీకే. లావు తీగ నుంచి చూస్తే జీ వరస ప స ప స గ ప. డీ వరస స ప స గ ప స. డీలో అట్టడుగు తీగా షడ్జమే, సన్న తీగా షడ్జమే. ఒంటరిగా వాయించేవారికి ఇంతకన్నా హాయి ఏముంటుంది! బొటనవేలు ఆధార షడ్జాన్ని మోగిస్తూ ఉంటే, పాట పన్నెండో ఫ్రెట్ దగ్గర తార షడ్జం మీద వాలుతుంది. బ్లూస్ గిటారిస్ట్ ఎల్మోర్ జేమ్స్ స్లైడ్‌లోని ఆ నిండుదనం ఈ వరసలోదే. మరో బ్లూస్ గిటారిస్ట్ సన్ హౌస్ జీలో వాయించినవీ నాకు ప్రాణమే, కానీ మొదట డీ పట్టుకోండి.

ఇక గరగర. అకౌస్టిక్ గిటారైతే 13–56 కొలత లావు తీగల సెట్ వేయండి, బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీని, అంటే శాడిల్‌ను, కాస్త ఎత్తు చేయించండి. స్లైడ్‌ను సరిగ్గా ఫ్రెట్ లోహం పైకి తెచ్చి, నొక్కకుండా ఆనించండి. స్లైడ్‌కు వెనక ఉన్న వేలు తీగలను మెల్లగా తాకుతూ ఉండాలి. తొంభై పాళ్లు శుభ్రత ఆ వేలిదే. డీ కన్నా కాస్త ఎత్తైన ఓపెన్ ఈ కావాలనిపిస్తే, మామూలు శ్రుతి నుంచి మూడు తీగలను పైకి బిగించి గిటార్ మీద భారం పెంచవద్దు. డీలోనే ఉంచి రెండో ఫ్రెట్‌కు కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) పెట్టండి.