వీధిలో కచేరీ పెడితే వింటారా?

ప్రశ్న: మేం కొర్లగుంటలో ఉంటాం. ధనుర్మాసం నెలంతా మా వీధి ఆడోళ్ళం కలిసి ముగ్గులేసి తిరుప్పావై చదువుకుంటాం. ఈసారి భోగికి ముందొచ్చే ఆదివారం సాయంత్రం చిన్న సంగీత కచేరీ పెడదామంటే పిల్లోళ్ళు డీజే కావాలంటాండారు, మావారేమో ఖాళీ కుర్చీలకి పాడించేదెందుకు అంటాండారు. చందాలు కూడా అంతంతమాత్రమే. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: పెట్టండక్కా, తప్పకుండా పెట్టండి. కాకపోతే మహతి ఆడిటోరియంలో జరిగినట్టు జరగాలని మాత్రం అనుకోవద్దు. మా వీధిలో మొదటిసారి చేసిన తప్పు అదే, ఎత్తు స్టేజీ, నాలుగు పెద్ద బాక్సులు, ముందు వరసలో సోఫాలు, సౌండాయన పెళ్ళి ఆర్కెస్ట్రాకి పెట్టినట్టు బేస్ పెంచేసినాడు, మృదంగం దబదబా మోగిందే గానీ వయొలిన్ వినబడలా, పాడే అమ్మాయికి తన గొంతే తనకి తెలీక రెండో కీర్తనకే శృతి జారింది. జనం ఒక్కొక్కరే లేచి పోయినారు. ఆ పాప కళ్ళనీళ్ళతో దిగింది, ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తది. వాళ్ళకి సంగీతం తెలీక కాదక్కా, వినబడక పోయినారు.

మరుసటేడు ఒక ఇంటి వరండాలో జంపఖానా పరిచి కూర్చోబెట్టినాం. రెండే చిన్న స్పీకర్లు, పాడేవాళ్ళ వైపు తిప్పి ఇంకొకటి. మనుషులు మూడడుగుల దూరంలో చాపల మీద. వయొలిన్ కమాను తీగ మీద జారేది కూడా కనబడతాంటే పిల్లలు కదల్లేదంటే నమ్మండి! తని ఆవర్తనం, అంటే పాట ఆపి మృదంగం ఒక్కటే వాయించే భాగం, అది మాత్రం తగ్గించమని చెప్పొద్దు, ఆడుకునే పిల్లోళ్ళు పరిగెత్తుకొచ్చేది మృదంగం కోసమే. మొదలెట్టే ముందు ఆది తాళం నేర్పించండి, ఒక దెబ్బ, తర్వాత చిటికెనవేలు, ఉంగరంవేలు, నడిమివేలు, మళ్ళీ దెబ్బ, చెయ్యి తిప్పు, దెబ్బ, తిప్పు, మొత్తం ఎనిమిది. చేతికి పని దొరికితే మనసు అక్కడే ఉంటది.

అన్నమయ్య పాటలు ఎక్కువ పాడించండి. 1503లో ఆయన పోయినాక రాగిరేకుల్లో మిగిలిన కీర్తనలకి రాగం పేర్లున్నాయి గానీ స్వరాలు లేవు, మనం ఇప్పుడు వినే వరసలు చాలావరకు మన కాలం వాళ్ళు కట్టినవే, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు ఒక్కరే ఆరువందలకి పైగా కట్టినారు. అవి మన ఇళ్ళల్లో పొద్దున్నే మోగతా ఉంటాయి కాబట్టి సంగీతం రాని పక్కింటి అవ్వకి కూడా పల్లవి నోటికొస్తది. చివర్లో 'అదివో అల్లదివో' అందరూ కలిసి పాడండి, మన మిద్దెల మీద నుంచి ఆ కొండే కనబడతా ఉంటది కదా, ఆ పాట ఇంత దగ్గరగా పాడుకునే భాగ్యం ఇంకే ఊరోళ్ళకుంది? మీరు తిరుప్పావై ముప్పై పాశురాలు నెలంతా చదివేవాళ్ళు కాబట్టి ఒకటి రెండు మీ ఆడోళ్ళే ముందు పాడేయండి, అప్పుడది మన కచేరీ అనిపిస్తది.

ఖర్చుకి భయపడొద్దు, మన శ్రీవేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో చదువుకునే పిల్లల్ని అడిగి చూడండి. వాళ్ళకి సంభావన మాత్రం ముందే మాట్లాడుకొని, తాంబూలంలో పెట్టి ఇవ్వండి, ఆటోఛార్జీ వేరే. చందాలు తక్కువైతే స్టేజీ మానేయండి గానీ సంభావన తగ్గించొద్దు.

మైకుకి పోలీసుల పర్మిషన్ తీసుకోవాల, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు, కాబట్టి ఆరింటికి మొదలెట్టి గంటన్నరలో ముగించండి. తెల్లవారుజాము పాశురాలకి కూడా మైకొద్దు. డీజే అడిగిన పిల్లోళ్ళనే సౌండ్ దగ్గర కూర్చోబెట్టండి, మధ్యాహ్నమే ఒకసారి టెస్ట్ చేయించండి. మృదంగం ఆయన ఎడమవైపు మూతకి పూసేదానికి కొంచెం రవ్వ, నీళ్ళు అడుగుతాడు, అప్పటికప్పుడు వెతుక్కోకుండా ఒక గిన్నెలో తీసి పెట్టండి.