ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముద్ద అంబర్‌గ్రిసేనా? అమ్ముకోవచ్చా?

ప్రశ్న: ఐదు రోజుల క్రితం తెల్లవారుజామున మా బావమరిదితో కలిసి సముద్రం ఒడ్డున నడుస్తుంటే బూడిద రంగు ముద్ద ఒకటి దొరికింది. రెండు కిలోల దాకా ఉంటుంది. పట్టుకుంటే మైనంలా ఉంది. వీడియోల్లో చూపించినట్టు కాల్చిన సూది గుచ్చితే కరిగి నల్లటి తీగలా సాగింది. అది తిమింగలం వాంతేనని, అంటే అత్తర్లలో వాడే అంబర్‌గ్రిసేనని మావాడు తేల్చేశాడు. వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. కొంటామని ఒకరు ఫోన్ చేసి శాంపిల్ ముక్క, టెస్టింగ్ ఫీజు పంపమంటున్నారు. ఇది నిజంగా అంబర్‌గ్రిసేనా? అమ్మితే తప్పా? ఇంట్లో పెట్టుకోవాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందుగా, ఆ ఫోన్ చేసిన వ్యక్తికి డబ్బు గానీ, ముక్క గానీ పంపకండి. మీ బావమరిది చేత ఫొటోతో అమ్మకం మాటలు ఈరోజే ఆపించండి. అయితే పాత మెసేజ్‌లు చెరిపేయొద్దు. రేపు ఎవరైనా అడిగితే, ఏం జరిగిందో చూపించడానికి మీ దగ్గరుండేవి అవే.

సూది పరీక్షను నమ్మకండి. అంబర్‌గ్రిస్ సుమారు 60 డిగ్రీల వేడికే కరుగుతుంది, నిజమే. కానీ పారఫిన్ మైనం కరుగుతుంది, ఓడల నుంచి పడి గడ్డకట్టిన పామాయిల్ కరుగుతుంది, తారు ముద్దలూ కరుగుతాయి. ఒడ్డుకు వచ్చేవాటిలో ఎక్కువ ఇలాంటివే. అసలైనది స్పెర్మ్ వేల్ అనే తిమింగలం పేగుల్లో తయారవుతుంది. వాంతి అనడం అలవాటైపోయింది గానీ, అది పేగుల్లో పుట్టేదే. ఆ జాతిలో కూడా చాలా కొద్ది తిమింగలాల్లోనే ఏర్పడుతుంది. విరిగిన చోట దగ్గరగా చూస్తే, తిమింగలం తిన్న స్క్విడ్‌ల ముక్కులు, చిలక ముక్కును పోలిన నల్లటి గట్టి ముక్కలు, ఒక్కోసారి లోపల ఇరుక్కుని కనిపిస్తాయి. అవి కనబడినా, కనబడకపోయినా ఖాయంగా తేల్చేది మాత్రం ల్యాబే. చూద్దామని దాన్ని ఇంకా విరగ్గొట్టకండి.

ఇక చట్టం సంగతి. బ్రిటన్ లాంటి చోట్ల ఒడ్డున దొరికినవాళ్లు దాన్ని అమ్ముకోవచ్చు. మీరు చూసిన వీడియోలు చాలావరకు అలాంటి దేశాలవే అయ్యుంటాయి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. స్పెర్మ్ వేల్ దాని మొదటి షెడ్యూల్‌లోని, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలోని ప్రాణి. ‘మేం తిమింగలాన్ని చంపలేదు కదా, సముద్రమే తెచ్చి పడేసింది కదా’ అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ చట్టం ‘అన్‌క్యూర్డ్ ట్రోఫీ’ (నిల్వ కోసం శుద్ధి చేయని వన్యప్రాణి భాగం) అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో అంబర్‌గ్రిస్ పేరు విడిగా రాసి మరీ ఉంది. సెక్షన్ 40(2) ప్రకారం షెడ్యూల్ ప్రాణికి చెందిన అలాంటి వస్తువును చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, అధీకృత అధికారి గానీ ముందుగా రాతపూర్వక అనుమతి ఇవ్వకుండా తీసుకోకూడదు, దగ్గర పెట్టుకోకూడదు, అమ్మకూడదు, అమ్మజూపకూడదు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించకూడదు. మొదటి షెడ్యూల్ ప్రాణి విషయంలో నేరం రుజువైతే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. పైగా సెక్షన్ 57 వల్ల, సరుకు మీ దగ్గర దొరికిందని తేలితే, అది అక్రమంగా ఉంచుకున్నది కాదని రుజువు చేసుకోవాల్సిన భారం మీ మీదే పడుతుంది. కొట్టుకొచ్చిన వస్తువు గురించి వాదించడానికి మా లాయర్లకు పాయింట్లు ఉంటాయి. కానీ అవి అరెస్టయ్యాక బెయిల్ పిటిషన్‌లో రాసుకునే పాయింట్లు. మీకు ఆ అవసరం రాకూడదని నా కోరిక.

పోనీ, అది ఉత్త మైనమే అనుకుందాం. మైనమని తెలిసీ అంబర్‌గ్రిస్ అని చెప్పి డబ్బు తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద చీటింగ్ కేసు అవుతుంది. అందువల్ల అది ఏమిటన్నది తేల్చుకునే పని మీరు నెత్తిన వేసుకోవద్దు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ప్రభుత్వ ఆస్తిగా లెక్కకొచ్చే ఇలాంటి వస్తువు చేతికొస్తే 48 గంటల్లోగా పోలీస్ స్టేషన్‌లో గానీ, అటవీ శాఖ అధికారికి గానీ తెలియజేయాలని వన్యప్రాణి చట్టంలోని సెక్షన్ 39 చెబుతుంది. ఆ గడువు దాటిపోయింది. అది లోపమే, దాచి లాభం లేదు. కానీ తనంతట తాను వచ్చి చెప్పిన మనిషినీ, బేరం ఆడుతూ దొరికిన మనిషినీ ఏ కోర్టూ ఒకేలా చూడదు. భయపడి తిరిగి సముద్రంలో పారేయకండి. అసలుదైతే దాన్ని ధ్వంసం చేయడం కూడా తప్పే. బండి మీద పెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్లకండి, దారిలో ఆపితే రవాణా అంటారు. అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేసి, ఇంటికి వచ్చి తీసుకెళ్లమనండి. మీ ఊళ్లోని వకీలును ఎవరినైనా పక్కన పెట్టుకుంటే మంచిది.

వాళ్లు వచ్చేలోపు తెల్లకాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాయండి: ఏ రోజు, ఎన్ని గంటలకు, ఒడ్డున ఎక్కడ దొరికింది, పక్కన ఎవరున్నారు, ఎందుకు ఆలస్యమైంది, ఎవరు ఏ నంబరు నుంచి ఫోన్ చేశారు. సూది గుచ్చిన సంగతి కూడా రాయండి, ఆ గుర్తు ముద్ద మీద ఎలాగూ ఉంటుంది. ముద్దను మీ ముందే తూకం వేసి, సీలు వేసి, పంచనామాలో బరువు రాసేలా చూసుకోండి. మీ కాగితం రెండో ప్రతి మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకున్నాకే ముద్దను వాళ్ల చేతికివ్వండి.