రెండు రూపాయల వడ్డీకి తెచ్చి అమెరికా ఫీజు కట్టకండి

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 53 ఏళ్లు, ప్రైవేటు కంపెనీలో అకౌంటెంట్‌ని. చేతికి 62 వేలు వస్తుంది. మా అబ్బాయి 2025 ఆగస్టులో టెక్సాస్‌లో ఎంఎస్‌లో చేరాడు. ఇల్లు తనఖా పెట్టి 40 లక్షల విద్యారుణం తీసుకున్నాం. వడ్డీ 11 శాతం. ఇప్పుడు రెండో ఏడాది ఫీజుకి, ఖర్చులకి 6 లక్షలు తగ్గుతున్నాయి. తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నారు. ప్లాటు ఒకటి ఉంది, 17 లక్షలు పలుకుతోంది కానీ రాజధాని దగ్గర కదా, అమ్మబుద్ధి కావడం లేదు. అబ్బాయికి క్యాంపస్‌లో ఉద్యోగం దొరకలేదు, అయినా పార్ట్‌టైమ్ చేసి తీర్చేస్తానంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. ఆ అప్పుకి ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టకండి.

ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి. మీది ఎంచుకోవడానికి కారణం, ఇందులో తప్పు 6 లక్షల దగ్గర లేదు. 40 లక్షల లోన్ తీసుకున్న రోజునే పక్కన ఒక్క రూపాయి అత్యవసర నిధి పెట్టుకోలేదు. ఫీజుకి, అద్దెకి, టికెట్‌కి లెక్క వేశారు. ఏదైనా అటూ ఇటూ అయితే అన్న లెక్క మాత్రం లేదు. అటూ ఇటూ అయింది కూడా. లోన్ మంజూరైనప్పుడు డాలరు 85 రూపాయల దగ్గర ఉంది, 40 లక్షలంటే 47 వేల డాలర్లు. డాలరు 90 అయితే అదే సొమ్ముకి 44,400 డాలర్లే. క్యాంపస్‌లో ఉద్యోగం దొరికి ఖర్చులు వెళ్లిపోతాయనుకున్నారు, అది దొరకలేదని మీరే రాశారు.

రెండు రూపాయల వడ్డీ అనగానే చిన్నగా వినిపిస్తుంది. ఏడాదికి 24 శాతం అది. 6 లక్షలకి నెలకు 12 వేలు, ఏడాదికి లక్షా 44 వేలు, అసలు అలాగే ఉంటుంది. లెక్కలు రాసే ఉద్యోగంలో ఉన్న మీకు ఇది నేను చెప్పాలా?

ఇక అబ్బాయి మాట. క్యాంపస్ బయట స్టోర్‌లోనో గ్యాస్ స్టేషన్‌లోనో చేతికి క్యాష్ ఇచ్చే పని గనక అతని మనసులో ఉంటే ఈ రాత్రే ఫోన్ చేసి ఆపించండి. ఎఫ్-1 వీసా (విద్యార్థులకిచ్చే వీసా) మీద సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లోనే, అదీ వారానికి 20 గంటలే చేయాలి. అనుమతి లేకుండా బయట పని చేసి స్టేటస్ (అక్కడ చట్టబద్ధంగా ఉండే హక్కు) పోగొట్టుకుంటే డిగ్రీ చేతికి రాకుండానే తిరిగి రావాల్సి రావచ్చు. లోన్ మాత్రం ఎక్కడికీ పోదు. క్యాంపస్‌లో పని దొరికితే సంతోషమే, కానీ ఆ ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోకండి.

నన్ను ఎక్కువ టెన్షన్ పెడుతున్నది 2027. అబ్బాయి మే నెలలో బయటికొస్తాడు. ఆరు నెలల తర్వాత, అంటే నవంబరులో ఈఎంఐ మొదలు. అప్పటికి వడ్డీ కలిసి బాకీ దాదాపు 47 లక్షలు అవుతుంది, పదేళ్లకి కడితే నెలకు 65 వేలు. మీ జీతం 62 వేలు. ఓపీటీ, అంటే చదువయ్యాక కొంతకాలం అక్కడ ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే అనుమతి, మొదలయ్యాక ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులే ఉండనిస్తారు. ఉద్యోగం ఆలస్యమైతే అక్కడ అద్దె, ఇక్కడ ఈఎంఐ ఒకేసారి మీ మీద పడతాయి. 58కి మీ రిటైర్మెంట్, ఈఎంఐలు 2037 దాకా.

అందుకే నిధి. ఆరు నెలల ఈఎంఐ 3 లక్షల 90 వేలు. ఇంటి ఖర్చు నెలకు 35 వేలన్నారు, ఆరు నెలలకి 2 లక్షల 10 వేలు. అబ్బాయికి నాలుగు నెలలు బతకడానికి, నెలకు 900 డాలర్ల చొప్పున, 3 లక్షల పాతిక వేలు. తిరుగు టికెట్‌కి ఓ 75 వేలు. మొత్తం 10 లక్షలు. ఈ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉండాలి. షేర్లు, చిట్టీలు వద్దు.

ఎక్కడి నుంచి? ప్లాటు అమ్మండి. 17 లక్షల్లో పన్ను పోగా 6 లక్షలు ఫీజుకి, మిగతాది ఈ నిధికి. రాజధాని రేట్లు పెరుగుతాయేమో, నేనూ కాదనను. కానీ తలమీద 11 శాతం అప్పు పెట్టుకుని ఖాళీ జాగా ధర పెరుగుతుందని ఎదురుచూసే స్తోమత మీకు లేదు. బేరం కుదిరేలోపు ఫీజు గడువు వస్తే ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టండి, 24 శాతంలో సగం కూడా పడదు. విద్యారుణం ఇచ్చిన బ్యాంకులో టాపప్, అంటే ఉన్న లోన్ మీద అదనపు లోన్, అడగండి. పీఎఫ్‌లో చదువు కోసం తీసుకునే వీలుంది, అది చివరి దారి.

బీమా దగ్గర మీరు చేసింది చూస్తే కోపమొచ్చింది. లోన్‌తో పాటు బ్యాంకు ఇస్తానన్న బీమా ప్రీమియం ఎక్కువని వద్దన్నారట. అబ్బాయికి జరగరానిది జరిగితే బ్యాంకు కో-అప్లికెంట్ (లోన్‌లో జతగా సంతకం పెట్టిన మీ) దగ్గరికి, అంటే తనఖాలో ఉన్న మీ ఇంటికే వస్తుంది. ఇప్పుడైనా అబ్బాయి పేరిట లోన్ కవర్ ఇస్తారేమో బ్రాంచిలో అడగండి. మీకు కంపెనీ ఇచ్చిన 10 లక్షల గ్రూప్ పాలసీ ఉద్యోగంతోనే పోతుంది, దాన్ని లెక్కలో వేసుకోవద్దు. మీ పేరిట విడిగా టర్మ్ పాలసీ తీసుకోండి.

యూనివర్సిటీ హెల్త్ ప్లాన్ ఖరీదని అబ్బాయి దాన్ని వద్దనిపించుకుని (వేవ్ చేయించి) 50 వేల డాలర్ల పరిమితి, 500 డాలర్ల డిడక్టిబుల్ (బీమా ఇచ్చేలోపు మనమే కట్టుకోవాల్సిన మొత్తం) ఉన్న చవక ప్లాన్ తీసుకున్నాడని రాశారు. అక్కడ అపెండిక్స్ ఆపరేషన్ బిల్లే పదుల వేల డాలర్లకు పోతుంది. యాక్సిడెంట్ అయి ఐసీయూలో ఉంటే 50 వేలు ఏ మూలకి? మన పిల్లల కోసం గోఫండ్‌మీలో విరాళాలు అడుగుతూ వచ్చే మెసేజ్‌లు మీ వాట్సాప్‌లోనూ చూసే ఉంటారు. ఆగస్టులో సెమిస్టర్ మొదలయ్యేటప్పుడు ప్లాన్ మార్చుకునే గడువు ఇస్తారు, ఆ తేదీ ఏమిటో అబ్బాయిని ఇప్పుడే కనుక్కోమనండి. ఓపీటీలోకి వెళ్లాక స్టూడెంట్ ప్లాన్ కొనసాగుతుందో లేదో కూడా అప్పుడే అడగమనండి. చాలా చోట్ల ఆగిపోతుంది.