సమాధానం: నీలం వెలుతురులో ఫైట్ ఒక సినిమాది, లోహపు పళ్ళవాడు ఇంకో సినిమావాడు

రైల్లో నీలం వెలుతురులో ఫైట్, లోహపు పళ్ళ విలన్ ఉన్న జేమ్స్ బాండ్ సినిమా ఏదని అడిగారు కదా. మీరు వెతుకుతున్నది ఒకటి కాదండీ, రెండు. మీ జ్ఞాపకంలో రెండూ కలిసిపోయాయి. అందుకే ఎంత వెతికినా దొరకట్లేదు.

ఇరుకు రైలు పెట్టె, నీలం లైటు, సూట్‌కేసు తెరవగానే పొగ అన్నారు కదా, అది 1963లో వచ్చిన 'ఫ్రమ్ రష్యా విత్ లవ్'. బాండ్‌గా షాన్ కానరీ, పెద్దింటి ఇంగ్లిష్‌వాడి వేషంలో వచ్చిన హంతకుడిగా రాబర్ట్ షా కొట్టుకుంటారు. ఇస్తాంబుల్ నుంచి బయల్దేరిన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్‌లో జరుగుతుంది. అంతకుముందు డైనింగ్ కారులో షా చేపతో పాటు రెడ్ వైన్ అడుగుతాడు. పెద్దింటి ఇంగ్లిష్‌వాడు అలా తాగడు, వేషం అక్కడే పట్టుబడాలి. బాండ్‌కి మాత్రం తుపాకీ ఎదురుగా కనబడ్డాకే వెలుగుతుంది! తర్వాత బంగారు నాణేల ఆశ చూపించి, టియర్ గ్యాస్ ఉన్న సూట్‌కేసును వాడిచేతే తెరిపిస్తాడు. నన్నడిగితే ఈ ఫైట్ బలమంతా ఆ ఇరుకులోనే ఉంది. చెయ్యి విసరడానికి కూడా చోటుండదు.

ఇక లోహపు పళ్ళవాడు జాస్. అది 1977 నాటి 'ది స్పై హూ లవ్డ్ మీ', హీరో రోజర్ మూర్. అక్కడా ఫైట్ రైల్లోనే. బాండ్ పగిలిన దీపంతో ఆ పళ్ళకే కరెంటు షాకిచ్చి, కిటికీలోంచి బయటికి తన్నేస్తాడు. భయం కన్నా నవ్వే ఎక్కువొస్తుంది.

మీరు చెప్పినదాన్ని బట్టి ముందు 1963 నాటిదే చూడండి. రైలు సీన్లు రెండో సగంలో వస్తాయి.