అమెరికాలో ఎండీ సీటు రాలేదు, డీఓ సీటు వచ్చింది: చేరాలా, ఏడాది ఆగాలా?

మా అమ్మాయికి ఎండీ కాలేజీల్లో సీటు రాలేదు, ఒక డీఓ కాలేజీలో వచ్చింది, చేర్చాలా లేక ఇంకో ఏడాది ఆగి మళ్ళీ అప్లై చేయించాలా అని అడిగారు. ఇక్కడ ఎండీ అంటే మన పీజీ కాదు, ఎంబీబీఎస్ లాంటి మొదటి డాక్టరు డిగ్రీ; డీఓ దానికి సమానమైన ఇంకో డిగ్రీ. నేను డీఓ చదివాను, మావారు ఎండీ. ఇద్దరం అమెరికాలోనే, ఒకే ఏడాది మొదలుపెట్టాం. నన్నడిగితే చేర్చండి. కానీ డిపాజిట్ కట్టేముందు ఆ కాలేజీని ఒక విషయం గట్టిగా అడగండి. అదేమిటో కింద చెబుతాను.

మన దగ్గర డీఓ అంటే కంటి డాక్టర్ల డిప్లొమా. గుంటూరులో మా పెద్దమ్మ ఇప్పటికీ నన్ను కళ్ళ డాక్టరనే పరిచయం చేస్తుంది. ఇక్కడి డీఓ వేరు, డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్. 1892లో మిస్సోరీలోని కర్క్స్‌విల్‌లో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టరు మొదలుపెట్టిన చదువు ఇది. ఇప్పుడు ఎండీ లాగే నాలుగేళ్ళు, అదే ఎంక్యాట్ ప్రవేశ పరీక్ష, 50 రాష్ట్రాల్లోనూ మందులు రాయడానికీ ఆపరేషన్లు చేయడానికీ పూర్తి లైసెన్సు. బ్రిటన్‌లో ఆస్టియోపాత్ అంటే మందులు రాసే డాక్టరు కాదు. నెట్‌లో ఆ వివరాలు చదివి చాలామంది కంగారుపడతారు.

మొదటి రెండేళ్ళూ మా ఇద్దరి పాఠాలూ దాదాపు ఒకటే. ఒకరి నోట్సు ఒకరం వాడుకున్నాం. నాకు అదనంగా ఉన్నది ఓఎంఎం, అంటే కండరాలనూ కీళ్ళనూ చేతులతో పరీక్షించి సరిచేయడం. మొత్తం మీద సుమారు 200 గంటలు. మొదట్లో ఒక వెంట్రుకను కాగితం కింద పెట్టి, కళ్ళు మూసుకుని వేలితో వెతకమన్నారు. దొరికితే పైన ఇంకో కాగితం, ఆపైన ఇంకోటి. మొదటిరోజు నేను మూడో కాగితం దగ్గరే ఆగిపోయాను. అందులో నేర్పినవన్నీ నేను నమ్మను. నడుము నొప్పికి పనికొస్తుంది, పుర్రె ఎముకలకు చేసే చికిత్స మీద మాత్రం నాకు నమ్మకం కుదరలేదు. అయినా పేషెంటు మీద చెయ్యి వేయడానికి జంకు పోయింది ఆ ల్యాబులోనే.

ఇక పరీక్షలు. డీఓలకు లైసెన్సు పరీక్ష కామ్లెక్స్, అది మాకు తప్పనిసరి. రెసిడెన్సీ, అంటే డిగ్రీ తర్వాత ఆసుపత్రిలో చేసే స్పెషాలిటీ శిక్షణ, దాని అవకాశాలు తగ్గకూడదని నేను ఎండీలు రాసే యూఎస్ఎంఎల్ఈ కూడా రాశాను. పది రోజుల తేడాలో రెండూ, ఒక్కోటీ రోజంతా. ఆ టెన్షన్ మావారికి లేదు. 2022 నుంచి రెండింట్లోనూ మొదటి పరీక్షకు స్కోరు తీసేసి పాస్, ఫెయిల్ చేశారు కాబట్టి ఇప్పుడు రెండో పరీక్ష (స్టెప్ 2) స్కోరే ముఖ్యం. మీ అమ్మాయి రెండు పరీక్షలకూ సిద్ధపడాలి.

అసలు తేడా మూడో ఏడాదిలో వస్తుంది. మావారి కాలేజీకి సొంత పెద్దాసుపత్రి ఉంది, రొటేషన్లన్నీ, అంటే ఒక్కో విభాగంలో కొన్ని వారాలు పనిచేస్తూ నేర్చుకోవడం, ఒకే ప్రాంగణంలో. చాలా డీఓ కాలేజీలకు అలా ఉండదు, చిన్న ఊళ్ళ ఆసుపత్రులకు పంపుతారు. నాకు పీడియాట్రిక్స్ రొటేషన్ రెండు వారాల ముందు రద్దయింది. కొత్తది నాలుగు గంటల ప్రయాణం దూరంలో. కుక్కరూ పుస్తకాలూ కారులో వేసుకుని, తెలియని ఊళ్ళో నెలకు గది వెతుక్కున్నాను. తర్వాతి ఊళ్ళో రెసిడెంట్లు లేరు, అందుకే కాన్పులు నా చేతికే వచ్చాయని సంతోషపడ్డాను కూడా. కానీ రెసిడెంట్లతో కలిసి రౌండ్లు చేయడం, రీసెర్చ్‌లో పేరు పడటం మావారికి దొరికినంతగా నాకు దొరకలేదు.

రెసిడెన్సీ భయం మాత్రం పెద్దగా వద్దు. 2020 నాటికి ఎండీ, డీఓ రెసిడెన్సీలన్నీ ఒకే గుర్తింపు కిందికి వచ్చాయి. ఇంటర్నల్ మెడిసిన్, ఫ్యామిలీ మెడిసిన్, పీడియాట్రిక్స్‌కు దారి బాగానే ఉంది. అమ్మాయి మనసు డెర్మటాలజీ మీదో న్యూరోసర్జరీ మీదో ఉంటే డీఓకు ఇప్పటికీ కష్టమే. అప్పుడైనా వచ్చిన సీటు వదిలేస్తే వచ్చే ఏడాది ఎండీ వస్తుందన్న హామీ లేదు కదండీ.

అడగాల్సింది ఇదీ: మూడో ఏడాది రొటేషన్లు ఏయే ఊళ్ళలో, ఏ ఆసుపత్రుల్లో, అక్కడ రెసిడెంట్లు ఉన్నారా, కిందటేడు ఎన్ని రద్దయ్యాయి? ఆఫీసువాళ్ళ మాటతో సరిపెట్టుకోకండి. ఇప్పుడు మూడో ఏడాదిలో ఉన్న ఇద్దరు విద్యార్థుల నంబర్లు అడిగి తీసుకుని, అమ్మాయినే మాట్లాడమనండి.