మూడో అంతస్తు ఫ్లాట్‌లో గ్రేట్ డేన్: ఇంటి కొలత కాదు, మెట్లు చూడండి

హైదరాబాద్‌లో లిఫ్ట్ లేని మూడో అంతస్తు ఫ్లాట్, ఆరేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు, పగలంతా భార్యాభర్తలిద్దరూ ఆఫీసుల్లో. భారీ జాతి కుక్కల్లో ఈ ఇంటికి గ్రేట్ డేన్ నప్పుతుందా, సెయింట్ బెర్నార్డ్ నప్పుతుందా అని అడిగారు.

సెయింట్ బెర్నార్డ్ ఆలోచన మానుకోండి. ఆల్ప్స్ కొండల్లో, సముద్రమట్టానికి 2,400 మీటర్ల పైన ఉన్న మంచు కనుమలో రూపుదిద్దుకున్న జాతి అది. కుక్క ఒళ్లు చల్లబడేది ముఖ్యంగా రొప్పడం వల్లే. మే నెలలో గదంతా వేడిగాలి నిండితే ఎంత రొప్పినా ఒంటి వేడి దిగదు. ఏసీ ఉందంటారేమో, కరెంటు పోతే మామూలు ఇన్వర్టర్ ఫ్యాన్లు తిప్పుతుంది గానీ ఏసీని లాగదు. అప్పుడు ఇంట్లో ఉండేది అత్తగారొక్కరే.

గ్రేట్ డేన్‌ది పొట్టి బొచ్చు కాబట్టి ఎండాకాలాన్ని కాస్త నయంగా గడుపుతుంది. ఎదిగాక రోజులో ఎక్కువసేపు పడుకునే ఉంటుంది, రెండు బెడ్‌రూమ్‌లు చాలు. చిక్కంతా బరువుతోనే. ఆడది 45 నుంచి 60 కేజీలు, మగది 60 దాటి 80 దాకా. ఓ పని చేయండి. 25 కేజీల బియ్యం బస్తాలు రెండు దళసరి దుప్పటిలో వేసి, మీరిద్దరూ చెరోవైపు పట్టుకుని మూడంతస్తులు దించండి. మలుపుల దగ్గర దుప్పటి ఒక పక్కకి ఒరుగుతుంది, ముందున్నవాళ్ల మీద భారమంతా పడుతుంది. కుక్క కాలు బెణికిన రోజున, ఆపరేషనయిన వారాల్లో, ముసలితనంలో దాన్ని బయటికి తీసుకెళ్లాలంటే ఇది రోజుకి మూడు నాలుగు సార్లు. బస్తా కదలదు, నొప్పితో ఉన్న కుక్క కదులుతుంది.

ముసలితనం కూడా తొందరగానే వస్తుంది. ఈ జాతి ఆయుష్షు 7 నుంచి 10 ఏళ్లు. మీ బాబు హైస్కూల్లో ఉండగానే కుక్క లేవలేని స్థితికి వస్తుంది, అప్పటికి అత్తగారి మోకాళ్లు ఇప్పటికన్నా బాగుండవు.

పిల్లగా తెస్తే మొదటి ఏడాదిన్నర ఎముకల కాలం. అర కేజీ పైచిలుకుతో పుట్టింది ఏడాదికి 50 కేజీల దగ్గరికి వస్తుంది. ఇక్కడ మన ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు కాల్షియం సిరప్. చిన్న పిల్ల పేగులు అక్కర్లేని కాల్షియాన్ని వదిలేయలేవు, ఎంత పోస్తే అంత లాగేసుకుంటాయి. దాంతో ఎముక పెరుగుదల గాడి తప్పి కాళ్లు వంకర్లు పోతాయి. పెద్ద జాతి పిల్లల కోసం చేసిన ఫుడ్డే పెట్టండి, దానికి పైన సిరప్పులూ పౌడర్లూ వద్దు. బొద్దుగా పెంచొద్దు, చేత్తో తడిమితే పక్కటెముకలు తగలాలి. ఎదిగాక రోజుకి 700 గ్రాముల నుంచి కేజీ దాకా ఫుడ్ పడుతుంది, అంటే 20 కేజీల బస్తా నెల రాదు. పురుగు మాత్రలు, మత్తుమందు, యాంటీబయాటిక్స్, అన్నీ బరువు లెక్కనే ఇస్తారు, ఖర్చూ ఆ లెక్కనే.

నున్నటి టైల్స్ మీద కాళ్లు జారి కీళ్లు దెబ్బతింటాయి. నడిచే దారంతా రబ్బరు మ్యాట్లు, పడుకోవడానికి నాలుగంగుళాల గట్టి ఫోమ్ పరుపు వేయాలి. లేకపోతే మోచేతుల దగ్గర చర్మం మందమెక్కి నీటి సంచుల్లాంటి వాపులు వస్తాయి.

అన్నిటికన్నా భయపడాల్సింది పొట్ట మెలిపడటం. కడుపు గ్యాస్‌తో ఉబ్బి గిర్రున తిరిగి రెండువైపులా మూసుకుపోతుంది. ఈ ప్రమాదం గ్రేట్ డేన్‌లకు మిగతా జాతులకన్నా ఎక్కువ. వాంతి చేసుకోబోతుంది, ఏమీ రాదు, జిగట చొంగో తెల్లటి నురగో కారుతుంది. ఒకచోట నిలవలేదు. పక్కటెముకల వెనక వేలితో కొడితే డప్పులా మోగుతుంది. వాము నీళ్లు, గ్యాస్ పొడి అంటూ కూర్చుంటే ప్రాణం పోతుంది, చేతిలో ఉండేది కొద్ది గంటలే. ఎక్స్‌రే, ఆపరేషన్ రాత్రిళ్లు కూడా చేసే ఆసుపత్రి ఎక్కడుందో కుక్కని తేకముందే చూసుకోండి. ఆటోలో పట్టదు, కాబట్టి కారు ఉండాలి. రోజు తిండి రెండు మూడు పూటలుగా పెట్టండి, తినడానికి ముందూ తర్వాతా గంటసేపు పరుగులు వద్దు. సంతాన నిరోధక ఆపరేషన్ చేసేటప్పుడే కడుపుని పొట్ట గోడకి కుట్టేయమని డాక్టర్ని అడగండి. గ్యాస్ పట్టడాన్ని అది ఆపదు, మెలిపడకుండా చాలావరకు కాపాడుతుంది.

బాబుని కరుస్తుందేమోనని మీ భయం, కరవకపోయినా దెబ్బ తగలొచ్చు. మెత్తటి స్వభావం ఉన్న డేన్ కూడా మళ్లుతూ తగిలితే ఆరేళ్ల పిల్లాడు బోర్లాపడతాడు, తోక దెబ్బ మొహానికి తగులుతుంది. వాళ్లిద్దర్నీ పెద్దవాళ్లెవరూ లేకుండా వదలకూడదు. గొలుసు లాగకుండా నడవడం 20 కేజీల లోపు ఉన్నప్పుడే నేర్పాలి. అత్తగారి చేతికి మాత్రం గొలుసు ఎప్పుడూ ఇవ్వొద్దు.

కాబట్టి ఇప్పుడున్న ఇంట్లో వద్దు. కింది అంతస్తుకో, లిఫ్ట్ ఉన్న చోటికో మారి, పగలు మీ ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండే ఏర్పాటైతే, రెండు మూడేళ్ల ఆడ డేన్‌ని దత్తత తీసుకోండి. పెంచలేక వదిలేసినవి షెల్టర్లలో దొరుకుతుంటాయి. ఎముకల కాలం దాటిపోయి ఉంటుంది, స్వభావం కళ్లముందే కనిపిస్తుంది. చూడటానికి వెళ్లినప్పుడు పడుకున్న కుక్కని లేపి నడిపించమనండి. ముందుకాళ్ల మీద బరువు వేసి నడుం ఈడ్చుకుంటూ లేస్తే తుంటి ఎక్స్‌రే చూపించకుండా ఒప్పుకోకండి.