ఆర్కెస్ట్రాకి సంగీతం రాస్తానంటున్నాడు మా అబ్బాయి

ప్రశ్న: మాది విజయనగరం. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. ఏడేళ్లుగా కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్నాడు. మొన్న వేసవిలో రాబిన్ హుడ్ కథ మీద తీసిన పాత ఇంగ్లిష్ సినిమా చూశాడు. అప్పట్నుంచి ఒకటే పాట: "నేను కూడా సినిమాలకి అలా పెద్ద ఆర్కెస్ట్రాతో సంగీతం రాస్తాను. ఇంజినీరింగ్ వద్దు, ఇంటర్ మానేసి చెన్నై వెళ్తాను." వాళ్ల నాన్నగారు ససేమిరా అంటున్నారు. సంగీత దర్శకుడయ్యేది వెయ్యిమందిలో ఒకడు, మిగతావాళ్ల గతేమిటి అని ఆయన భయం. వాడి మనసు విరవాలని నాకు లేదు. ఏం చేయమంటారు? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, మీవారి భయం న్యాయమైనదే. మీ అబ్బాయి ఇష్టమూ తేలిగ్గా తీసిపారేయాల్సింది కాదు. అయితే ఇద్దరూ సంగీత దర్శకుడి కుర్చీ ఒక్కదాని గురించే ఆలోచిస్తున్నారు, అదే చిక్కు. మీ అబ్బాయి ఆ కుర్చీలో కూర్చోవాలనుకుంటున్నాడు, వాళ్ల నాన్నగారేమో అది దొరకదంటున్నారు. ఆ గదిలో ఇంకా చాలా కుర్చీలున్నాయి. అవి కనబడాలంటే, మీవాడు మనసు పడ్డ ఆ సినిమా సంగీతమే ఎలా తయారైందో చూడాలి.

ఎరల్ ఫ్లిన్ నటించిన 'ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్' 1938లో వచ్చింది. సంగీతం ఎరిక్ వుల్ఫ్‌గాంగ్ కోర్న్‌గోల్డ్‌ది. పెరిగింది ఆస్ట్రియా రాజధాని వియన్నాలో. పదకొండేళ్లప్పుడు ఆయన రాసిన బాలేని, అంటే నృత్యరూపకాన్ని, పదమూడో ఏటికల్లా వియన్నా రాజాస్థాన ఒపేరాలో ప్రదర్శించారు. ఇరవైమూడేళ్లకి ఆయన ఒపేరా (పాటలతో నడిచే నాటకం) ఒకటి ఒకే రోజున జర్మనీలో హాంబర్గ్‌లోనూ కొలోన్‌లోనూ మొదలైంది. సినిమా పని మీద 1934లో హాలీవుడ్‌కి వెళ్లేటప్పటికి ఆయన వెనక పాతికేళ్ల రాతపని ఉంది. మీ అబ్బాయికి ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

అంతటి మనిషి కూడా రాబిన్ హుడ్ సినిమా చూసి మొదట వద్దన్నాడు. ఇదంతా పోరాటాల సినిమా, నేను మనసులోని భావాలకి సంగీతం రాసేవాణ్ని అని నిర్మాత హాల్ వాలిస్‌కి ఉత్తరం రాశాడు. అది 1938 ఫిబ్రవరి. సరిగ్గా అప్పుడే హిట్లర్ ఆస్ట్రియా మెడ మీద కత్తి పెట్టాడు. కోర్న్‌గోల్డ్ యూదుడు. తిరిగి వెళ్లడానికి దారి మూసుకుపోతోందని తెలిసి, కుదిరినన్ని వారాలు చేస్తాను, కుదరకపోతే మానుకుంటాను అన్న షరతు మీద ఒప్పుకున్నాడు. మార్చిలో జర్మన్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చేసింది. వియన్నాలో ఆయన ఇల్లు నాజీల పాలైంది. మే నెలలో సినిమా విడుదలైంది. తర్వాతి ఏడాది ఆ సంగీతానికి ఆస్కార్ వచ్చింది. రాబిన్ హుడ్ నా ప్రాణం కాపాడిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు.

ఫిబ్రవరిలో వద్దన్న మనిషి మేలోపు అంత సంగీతం ఎలా రాశాడు? వేరే వృత్తిలో అయితే దాన్ని ప్రతిభ అని వదిలేయవచ్చు. ఇక్కడ అలా వదిలేస్తే మీ అబ్బాయికి ఉపయోగం లేదు. ఆయన స్వరం కట్టి, ఏ వాద్యం ఎక్కడ పలకాలో సూచిస్తే, దాన్ని ఆర్కెస్ట్రాలోని ఒక్కొక్క వాద్యానికీ విడదీసి పూర్తి పేజీలుగా రాసింది హ్యూగో ఫ్రీడ్‌హోఫర్, మిలన్ రోడర్. వీళ్లని ఆర్కెస్ట్రేటర్లంటారు. ఆ పేజీల్లోంచి వయొలిన్ వాళ్లకి వాళ్లది, బూర వాళ్లకి వాళ్లది విడిగా ఎత్తిరాసే కాపీయిస్టులు వేరే. తర్వాత వాయించేవాళ్లు, రికార్డు చేసేవాళ్లు. పైగా రాబిన్ హుడ్‌కి పెట్టిన ముఖ్యమైన బాణీ కొత్తది కూడా కాదు. అప్పటికి దాదాపు ఇరవై ఏళ్ల కిందట కచేరీకని రాసి, వియన్నాలో ఆదరణ దొరకని తన రచనలోంచే తెచ్చుకున్నాడు. పాత కాగితాలు పారేయొద్దని మీవాడికి చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఫ్రీడ్‌హోఫర్ మొదట్లో చెల్లో (వయొలిన్ జాతిలోనే పెద్ద వాద్యం) వాయించేవాడు. ఏళ్లతరబడి వేరేవాళ్ల సంగీతాన్ని వాద్యాలకి రాశాడు. 1946 నాటి ఒక సినిమాకి తన సొంత సంగీతంతో ఆయనకీ ఆస్కార్ వచ్చింది. రాలేదనే అనుకోండి, అప్పటికే పని తెలిసినవాడిగా ఆయనకి భోజనానికి లోటు లేదు కదా. మీవారికి నేను చూపించాలనుకుంటున్న కుర్చీ అది.

మన దగ్గరా ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. 'మాయాబజార్'కి సాలూరి రాజేశ్వరరావు కొన్ని పాటలకి బాణీలు కట్టి తప్పుకుంటే, వాటికి వాద్యగోష్ఠి సమకూర్చి పని పూర్తి చేసింది ఘంటసాల. ఆ ఘంటసాల చదువుకున్నది మీ ఊళ్లోనే, 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలలో. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ చెప్పిన కళాశాల అది. వయొలిన్ పట్టుకున్న పిల్లవాడికి విజయనగరం కన్నా మంచి చోటు ఎక్కడుందమ్మా?

ఇప్పుడు అసలు కష్టం చెప్తాను. మీ అబ్బాయికి వచ్చిన ఏడేళ్ల విద్య గొప్పదే కానీ, ఆర్కెస్ట్రా గదిలో అది సగం దారే. వాడు కింద కూర్చుని, వయొలిన్ తలని పాదం మీద ఆనించి, స-ప-స-ప శ్రుతిలో వాయిస్తాడు. అక్కడ కుర్చీలో కూర్చుని, గడ్డం కింద పెట్టి, వేరే శ్రుతిలో వాయిస్తారు. ఇది చిన్న తేడా. పెద్ద తేడా కాగితంలో ఉంది. మన స్వరలిపి ఒక గొంతు వెంట నడుస్తుంది. వాళ్ల కాగితం మీద ఒకే క్షణంలో ఇరవై గొంతులు నిలువునా పేర్చి ఉంటాయి.

కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు కీబోర్డు బ్రహ్మాండంగా వాయించేవాడు. కంప్యూటర్‌లో వయొలిన్లు, బూరలు అన్నీ పలికించేవాడు. ఒక రికార్డింగ్‌లో సహాయకుడిగా అవకాశం వచ్చింది. అక్కడ వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్ద వాద్యం) వాయించే పెద్దాయన కాగితం చూపించి "ఈ మూడో బార్‌లో స్వరం తప్పు పడినట్టుంది, చూడు బాబూ" అన్నాడట. వయోలా కాగితం మీద వరుస మొదట్లో వేసే గుర్తే (క్లెఫ్) వేరు. వయొలిన్‌లో ఒక స్వరం ఉండే గీత మీద వయోలాకి ఇంకో స్వరం ఉంటుంది. ఈ అబ్బాయికి అది చదవడం రాదు. గదినిండా మనుషులు విల్లు దించి వీడి మొహం చూస్తూ ఉన్నారట. మర్నాడు పిలుపు రాలేదు. ఆ సంగతి చెప్తూ నా ముందే ఏడ్చాడు. వాడికి చెవి ఉంది, శ్రద్ధ ఉంది, కాగితం లేదు. ఆ పిల్లవాడు గుర్తొస్తే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది. ముందే నేను అడిగి ఉండాల్సింది.

అందుకే, ఇంటర్ మాన్పించొద్దు. ఏ డిగ్రీకైనా ఆ గడప దాటాలి. ఇంజినీరింగ్ మాత్రం బలవంతం చేయకండి. ఇంజినీరింగ్ ప్రవేశపరీక్ష కోచింగ్‌కి పోయే సాయంత్రాలు ఈ పిల్లవాడికి చాలా విలువైనవి. ఆ సమయంలో స్టాఫ్ నొటేషన్, అంటే ఆ పాశ్చాత్య స్వరలిపి, నేర్పించండి. ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎమ్ అనే లండన్ సంగీత పరీక్షా సంస్థల వాళ్ల థియరీ పరీక్షలు ఎనిమిది గ్రేడ్లుంటాయి, మన దేశంలోనే రాయొచ్చు. అయిదో గ్రేడు దాకా వస్తే కాగితం మీద భయం పోతుంది. ఆన్‌లైన్‌లో చెప్పే మంచి గురువులున్నారు. మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. నొటేషన్ రాస్తే వాయించి వినిపిస్తుంది. ఇంట్లో మామూలు ల్యాప్‌టాప్ చాలు. కర్ణాటక పాఠం మాత్రం ఆపనివ్వకండి. మన సినిమాకి రాగం తెలిసి, ఆర్కెస్ట్రా కాగితమూ రాయగలిగినవాడు దొరకడం కష్టం.

ఇంటర్ అయ్యాక చెన్నైలో రెహమాన్ 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ లాంటివి చూడొచ్చు. ఫీజులు, అర్హతలు ఏటా మారతాయి కాబట్టి నేరుగా వాళ్లనే అడగండి. బోస్టన్‌లో బర్‌క్లీ, లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ సినిమా సంగీతం ప్రత్యేకంగా నేర్పుతాయి. వాటి మాట ఇప్పుడొద్దు. ఇల్లు తాకట్టు పెట్టి పదిహేడేళ్ల పిల్లవాణ్ని పంపే చదువు కాదు అది. ఇక్కడ నాలుగేళ్లు రాసి, ఆ రాతలు చూపించి, స్కాలర్‌షిప్ సంపాదించి వెళ్తే అప్పుడు నేనే సంతోషిస్తాను.

డబ్బు సంగతి దాచను. ఇందులో క్యాంపస్ ఉద్యోగం ఉండదు. వాయించేవాళ్లకి కాల్‌షీట్ లెక్క, రాసేవాళ్లకి సినిమా లెక్క. మన సినిమాల్లో రీ-రికార్డింగ్ (నేపథ్య సంగీతం చేయడం) చివర్లో జరుగుతుంది, విడుదల తేదీ మాత్రం కదలదు. అందుకని రాత్రిళ్లు పని. చాలా సినిమాల్లో కంప్యూటర్ వాద్యాలతోనే సరిపెడతారు. పెద్ద సినిమాలైతే తీగవాద్యాల కోసం చెన్నైకో, యూరప్‌లో బుడాపెస్ట్‌కో, మాసిడోనియాకో కాగితాలు పంపుతారు. ఆ కాగితాలు తప్పుల్లేకుండా తయారుచేసే మనిషి కావాలి. అక్కడే మీవాడికి మొదటి అన్నం దొరకొచ్చు. 2012 కాపీరైట్ సవరణతో స్వరకర్తకి రాయల్టీ హక్కు గట్టిపడింది, కానీ వేరొకరి సంగీతాన్ని వాద్యాలకి రాసిపెట్టేవాళ్లకి సాధారణంగా ఆ పనికిచ్చే డబ్బే. 1936లో కోర్న్‌గోల్డ్ ఇంకో సినిమాకి రాసిన సంగీతానికి వచ్చిన ఆస్కార్‌ని కూడా స్టూడియో సంగీత విభాగం అధిపతే అందుకున్నాడు, అప్పటి నియమం అది. పని మొదలుపెట్టే ముందు పేరు ఎక్కడ పడుతుంది, డబ్బు ఎప్పుడిస్తారు అని కాగితం మీద రాయించుకోవడం మీవాడు ఇప్పట్నుంచే నేర్చుకోవాలి.

ఇక బాబుకి ఒక పని. ఆ సినిమా చివరి కత్తియుద్ధం తీసుకో నాయనా. స్తంభం మీద ఇద్దరి నీడలు కత్తులు దూస్తాయి చూడు, అదే. మొదట శబ్దం తీసేసి చూస్తూ, ఎన్నో సెకనులో ఎవరిది పైచేయి అవుతోందో నోట్‌బుక్‌లో రాసుకో. తర్వాత శబ్దం పెట్టి, సంగీతం ఆ సెకనుకే మారిందా, ముందే మారిందా, అసలు మారలేదా రాసుకో. ఆ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టుకుని, నీకు నచ్చిన వేరే రెండు నిమిషాల సన్నివేశానికి నాలుగు తీగవాద్యాలకి మాత్రమే రాయి. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. మీ ఊళ్లో వయోలా, చెల్లో దొరక్కపోతే వాటి స్వరాలు వయొలిన్ మీదే వాయించేట్టు మార్చి రాసుకో. ఆ మార్చడం కూడా పాఠమే. సంగీత కళాశాలలో నీ తోటి వయొలిన్ పిల్లల్ని నలుగుర్ని బతిమాలి, కాగితం వాళ్ల ముందు పెట్టి వాయించమను. నువ్వు వాయించొద్దు, పక్కన నిలబడి విను.

అమ్మా, దసరాకల్లా వయొలిన్, వయోలా గుర్తులు రెండూ తడుముకోకుండా చదవగలిగితే, సంక్రాంతికల్లా ఆ రెండు నిమిషాలు రాసి నలుగురి చేత వాయింపించగలిగితే, వాయించేటప్పుడు మీవారిని కూడా అక్కడ కూర్చోబెట్టండి. చెన్నై మాట ఆ తర్వాత ముగ్గురూ కలిసి మాట్లాడుకోండి.